పాత సీలింగు కింద జిప్సం బోర్డు వేయించుకునే ముందు

చెన్నైలో పాత ఇళ్ల పైకప్పులు ఎక్కువగా రెండు రకాలు. ట్రిప్లికేన్, మైలాపూర్, పురసవాక్కం, జార్జ్ టౌన్ వైపు బాగా పాత ఇళ్లలో మద్రాసు టెర్రస్ కనిపిస్తుంది. టేకు దూలాలు, వాటి మీద నిలువు అంచున ఏటవాలుగా పేర్చిన సన్నటి ఇటుకలు, మధ్యలో సున్నం, ఆపైన ఇటుక జల్లీ, అంటే పగలగొట్టిన ఇటుక ముక్కలు కలిపిన సున్నపు కాంక్రీటు, అన్నిటికంటే పైన పలక పెంకులు. ఆ తర్వాతి కాలంలో కట్టినవాటిలో మామూలు ఆర్‌సీసీ స్లాబు, దాని అడుగున అరంగుళం సిమెంటు పూత. రెండింటి కిందా జిప్సం బోర్డు, అంటే రెండు కాగితాల మధ్య జిప్సం పెట్టి చేసిన పలక, వేయొచ్చు. నేను ఈ ఊళ్లో సీలింగు పనులు చేయిస్తున్నాను కాబట్టి రెండూ బాగా తెలుసు. బిగించే పద్ధతి మాత్రం వేరువేరు.

దేనికైనా సూత్రం ఒకటే. కొత్త బోర్డు బరువు పాత పూత మీద పడకూడదు. దూలం మోయాలి, లేదంటే స్లాబులోని కాంక్రీటు మోయాలి. 12.5 మిల్లీమీటర్ల మందం, 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న బోర్డు ఒక్కోటి సుమారు 20 కిలోలు ఉంటుంది. 10 అడుగులకు 12 అడుగుల గదికి అలాంటివి ఐదు పడతాయి. ఇనుప ఫ్రేమ్, స్క్రూలు, పుట్టీ అన్నీ కలిపితే మంచం మీద పడుకున్న మనిషి నెత్తిన 120 కిలోలకు పైనే వేలాడుతుంది. ఈ లెక్క మనసులో ఉంటే పని తొందరగా తేల్చేయమని మేస్త్రీ మీద ఒత్తిడి పెట్టరు.

పెచ్చులు ఊడుతున్న స్లాబు

నాకు ఎక్కువగా వచ్చే ఫోను ఇది: "సార్, సీలింగు పెచ్చులు ఊడుతోంది. కింద బోర్డు కొట్టేస్తే కనపడదు కదా?" కనపడదు, నిజమే. అందుకే ముందు దాన్ని బాగుచేయకుండా నేను బోర్డు ఎత్తను. స్లాబులోని ఇనుప కమ్మీ తుప్పు పడితే ఉబ్బుతుంది. ఉబ్బిన కమ్మీ తన కింద ఉన్న కాంక్రీటును తోసేస్తుంది. బోర్డు వేసినంత మాత్రాన ఆ తుప్పు ఆగదు. పైన ఊడిన ముక్క బోర్డు మీద పడి కూర్చుంటుంది, దానిమీద ఇంకోటి. తిరువాన్మియూర్, బెసెంట్ నగర్ లాంటి సముద్రపు గాలి తగిలే చోట్ల ఉప్పు కాంక్రీటులోకి దిగి ఈ పని ఇంకా త్వరగా జరుగుతుంది.

పరీక్షకు పెద్ద సరంజామా అక్కర్లేదు. నిచ్చెన వేసుకుని సుత్తి పిడితో అడుగుకో దెబ్బ చొప్పున మెల్లగా తట్టుకుంటూ పోవాలి. గట్టిగా ఉన్నచోట చిన్నగా, పొడిగా మోగుతుంది. వదులైన చోట డొల్లగా వినిపిస్తుంది. డొల్ల వినిపించిన చోటల్లా సుద్దముక్కతో గీత గీయండి. గది మొత్తం అయ్యాక కిందికి దిగి చూస్తే ఆ గీతలే కథ చెబుతాయి. చెల్లాచెదురుగా అక్కడక్కడా ఉంటే అది పూత లోపం. వరసగా, తిన్నగా ఒక లైనులో ఉంటే దాని లోపల కమ్మీ తుప్పు పట్టిందని అర్థం. ఆ లైను పొడుగునా తుప్పు రంగు చార కూడా తరచూ కనిపిస్తుంది.

గీత గీసిన చోట పూత మొత్తం కొట్టి తీసేయాలి. కమ్మీ బయటపడితే వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, తుప్పు నిరోధించే జింక్ ప్రైమర్ పూసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో పూడ్చాలి. కమ్మీ సన్నబడిపోయి ఉన్నా, స్లాబు మధ్యలో కిందికి వంగినట్టు అనిపించినా పని అక్కడితో ఆపి స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి. ఆయన సరేననేదాకా జిప్సం బోర్డు ఊసు ఎత్తొద్దు.

నీరు కారడం సంగతి కూడా ఇప్పుడే తేల్చాలి. పైన మిద్దె ఉంటే నీళ్లు పోయే రంధ్రాలు మూసి, రెండు అంగుళాల నీళ్లు నిలబెట్టి ఒక రోజంతా ఉంచి కింద చూడాలి. బాగా పాత మద్రాసు టెర్రస్ మీద మాత్రం ఇలా నీళ్లు నిలబెట్టి దాని మీద బరువు పెంచొద్దు. అక్కడ వానాకాలమే పరీక్ష. పైన ఇంకొకరి బాత్రూము ఉంటే వాళ్లతో మాట్లాడి అక్కడా ఇదే పని చేయాలి. నన్నడిగితే ఈశాన్య రుతుపవనాలు ఒక్కసారి పూర్తిగా చూసి, జనవరి తర్వాత బోర్డు ఎత్తడం మేలు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను తీరం దాటింది మన బాపట్ల దగ్గరే గానీ, దానికి ముందు చెన్నైని వానతో ముంచేసింది. అలాంటి వానకు తట్టుకున్న మిద్దె అయితే ధైర్యంగా మూసుకోవచ్చు.

దూలాల ఇల్లయితే

మద్రాసు టెర్రస్‌లో చూడాల్సింది చెద, తడి. దూలం మధ్యలో బాగానే ఉంటుంది, పాడయ్యేది గోడలోకి దూరే చివర్లలోనే. గోడ తడి అక్కడే పడుతుంది కాబట్టి ముందు ఆ రెండు చివర్లూ చూడండి. స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చితే మంచి టేకు లోపలికి పోనివ్వదు. మొన సులువుగా దిగినా, మట్టి గొట్టాలు పాకి కనిపించినా ముందు చెద మందు కొట్టేవాళ్లను, వడ్రంగిని పిలవాలి.

ట్రిప్లికేన్‌లో ఒక పెద్దావిడ ఇంటికి కొలతలకు వెళ్తే ఆమె ముందుగా అడిగింది రంగు గురించో లైట్ల గురించో కాదు. "నాయనా, ఉయ్యాల కొక్కేలు పోవు గదా?" అంది. "పోవు పెద్దమ్మా, వాటి చుట్టూ బోర్డు కోసి వదిలేస్తాం" అన్నాను. ఉయ్యాల కొక్కేలు దూలానికే ఉంటాయి, దూలానికే ఉండాలి. వాటిని బోర్డు ఫ్రేమ్‌కు మార్చమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. కొక్కెం దిగే చోట బోర్డుకు గుండ్రటి రంధ్రం కోసి చుట్టూ వేలు దూరేంత ఖాళీ వదిలి, చిన్న ఇత్తడి బిళ్ల వేస్తే చూడ్డానికీ బాగుంటుంది. ఉయ్యాల ఊగినప్పుడు గొలుసు బోర్డుకు తగలదు.

దూలాల మధ్య ఇటుకలకు దేన్నీ బిగించకండి. ఒకదానికొకటి ఆనుకుని, సున్నం పట్టుతో నిలబడిన ఇటుకలవి. అక్కడ హ్యామర్ డ్రిల్లు ఆన్ చేస్తే ఆ అదురుకే పట్టు సడలుతుంది. దూలానికి కూడా అడుగు భాగం కంటే పక్క భాగం మంచిది. కింద నుంచి ఎక్కించిన స్క్రూను బరువు నిటారుగా బయటికి లాగుతుంది. పక్క నుంచి ఎక్కిస్తే స్క్రూ అడ్డంగా నిలబడి మోస్తుంది, ఊడి రాదు. పాత టేకు చాలా గట్టిది కాబట్టి ముందు సన్న బిట్టుతో దారి చేసి, స్క్రూ మరకు కొంచెం సబ్బు రాసి ఎక్కించండి. చెక్కలోకి కనీసం ఒకటిన్నర అంగుళం దిగాలి.

డ్రిల్లు నుంచి రాలే పొడి

ఫ్రేమ్ బిగించేటప్పుడు నేను కుర్రాళ్లకు చెప్పేది ఒకటే, పొడి చూడమని. తెల్లగా, మెత్తగా రాలితే మీరింకా సున్నపు గారలోనే ఉన్నారు. ఎర్రగా రాలితే ఇటుక, అక్కడినుంచి బిట్టు తీసేసి పక్కకు జరగాలి. స్లాబులో మొదట ఇసుక కలిసిన లేత పొడి వస్తుంది, అది పూత. అరంగుళం దాటాక డ్రిల్లు ఒక్కసారిగా నెమ్మదించి ముదురు బూడిదరంగు పొడి రాలుతుంది. కాంక్రీటు అక్కడ మొదలవుతుంది, ఫాస్టెనర్ (రంధ్రంలోకి దించి బిగించే బోల్టు) లోతు అక్కడి నుంచి లెక్కపెట్టాలి. దూలంలో అయితే పొడి కాదు, గోధుమరంగు సన్నటి చెక్క చుట్టలు వస్తాయి, కొత్తగా కోసిన టేకు వాసన కూడా వస్తుంది. ఆ చుట్టలు ఆగిపోయి మెత్తటి నల్లపొడి వచ్చిందంటే లోపల పుచ్చింది.

స్లాబులో బిట్టు లోహానికి తగిలి కీచుమంటే అది కమ్మీ. దాన్ని తొలవకుండా రెండు అంగుళాలు పక్కకు జరపండి. ఫ్యాను దగ్గర నుంచి స్విచ్ బోర్డు ఉన్న గోడ వైపు స్లాబు లోపల కరెంటు పైపు పోయి ఉంటుంది, ఆ దారిలో అసలు డ్రిల్లు పెట్టొద్దు. మెయిన్ ఆపి, డ్రిల్లుకు పక్క వాటా నుంచో పక్కింటి నుంచో లైను తెచ్చుకోండి. కళ్లద్దాలు తప్పనిసరి. పైకి చూస్తూ చేసే పనిలో సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం.

పాత సీలింగు ఆస్బెస్టాస్ రేకు అయితే దాన్ని కోయొద్దు, తొలవొద్దు, గీకొద్దు. ఆ పీచు ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. ఫ్రేమ్‌ను గోడల నుంచి, విడిగా వేసిన ఇనుప గొట్టాల నుంచి మోయించాలి. అది ఫ్యాబ్రికేషన్ వాళ్లతో చేయించే పని.

ఫ్రేమ్

ముందు మట్టం. పాత గదుల్లో ఒక మూలకీ ఇంకో మూలకీ అంగుళం తేడా మామూలే. లేజర్ ఉంటే మంచిది, లేకపోయినా నీళ్లు నింపిన లెవల్ ట్యూబు చాలు. పాత సీలింగులో అన్నిటికంటే కిందికి దిగిన చోటును పట్టుకుని, అక్కడి నుంచి మూడు నాలుగు అంగుళాలు వదిలి నాలుగు గోడల మీదా గీత కొట్టాలి. ఇంతకంటే పైకి పోవడానికి పెద్దగా వీలుండదు, ఎందుకంటే ఇంటర్మీడియట్ ఛానెల్ (పైన ఉండి మిగతా ఫ్రేమ్‌ను మోసే ఇనుప పట్టీ) 45 మిల్లీమీటర్లు, సీలింగ్ సెక్షన్ (దాని కింద అడ్డంగా పోయే, బోర్డు స్క్రూలు పట్టే పట్టీ) 26, బోర్డు 12.5. ఆ గీత మీద పెరిమీటర్ ఛానెల్‌ను, అంటే గోడ వెంబడి పోయే ఇనుప పట్టీని, రెండు అడుగులకో ఫాస్టెనర్‌తో గోడకు బిగిస్తారు.

పైన ఇంటర్మీడియట్ ఛానెళ్లు నాలుగు అడుగులకు మించకుండా, వాటికి అడ్డంగా సీలింగ్ సెక్షన్లు 18 అంగుళాలకు ఒకటి, అంటే 457 మిల్లీమీటర్లకు. ఈ 18 అంగుళాలను మార్చకూడదు. 6 అడుగుల బోర్డు పొడవులో అది సరిగ్గా నాలుగుసార్లు పడుతుంది. అందుకే రెండు బోర్డుల చివరలు ఎప్పుడూ ఒక సెక్షన్ మీదే కలుస్తాయి, గాలిలో కలవవు. డబ్బు మిగిల్చుకోవడానికి రెండు అడుగులకో సెక్షన్ వేసే వాళ్లున్నారు. కొన్నాళ్లకు బోర్డు మధ్యలో కిందికి జారి, సాయంత్రం లైటు వేయగానే నీడలు కనపడతాయి.

ఫ్రేమ్‌ను స్లాబు నుంచి వేలాడదీసే క్లీట్లను (ఇనుప బిగింపు ముక్కలను) నాలుగు అడుగులకు ఒకటి వేయమని మామూలుగా చెబుతారు. పాత స్లాబులో నేను మూడడుగులకే వేయిస్తాను. మద్రాసు టెర్రస్‌లో కొలత కంటే దూలాలే ముఖ్యం, ఇంటర్మీడియట్ ఛానెల్‌ను దూలాలకు అడ్డంగా నడిపి, దూలం తగిలిన చోటల్లా క్లీటు వేయాలి. స్లాబుకైతే లోహపు ఎక్స్‌పాన్షన్ ఫాస్టెనర్లే వాడండి. ప్లాస్టిక్ ప్లగ్గులు గోడకు ఫొటో తగిలించడానికి బాగుంటాయి, నెత్తిమీద వేలాడే బరువుకు కాదు. ఛానెళ్లు ఎక్కించకముందే రెండు మూడు క్లీట్లకు 20 లీటర్ల నీళ్ల బకెట్టు ఒక్కోటి వేలాడదీసి రాత్రంతా ఉంచండి. పూర్తయ్యాక ఒక్కో క్లీటు మీద పడే బరువు కంటే అది ఎక్కువే. తెల్లారేసరికి క్లీటు ఏమాత్రం దిగినా ఆ చోట కాంక్రీటు నమ్మదగ్గది కాదు.

కొనేటప్పుడు మందం చూడండి. సెక్షన్, పెరిమీటర్ ఛానెల్ 0.55 మిల్లీమీటర్లు, ఇంటర్మీడియట్ 0.9 ఉండాలి. చెన్నై ప్యారీస్ కార్నర్ వీధుల్లో రెండు దుకాణాలు తిరిగితే ఇంతకంటే పల్చటివీ తగులుతాయి, చేత్తో మెలిపెడితే కాగితంలా తిరిగిపోతాయి. మీ ముందే మైక్రోమీటర్ పెట్టి చూపించమని అడగండి. చదరపు అడుగు లెక్కన తక్కువకు కోట్ చేసిన మేస్త్రీ మిగుల్చుకునేది ఎక్కువగా ఇక్కడే.

చెక్క బద్దీల మీద బోర్డు కొట్టించుకుందామా అని అడుగుతారు. చెన్నై ఉక్కకు చెక్క ఉబ్బుతుంది, వేసవిలో ముడుచుకుంటుంది, పైగా చెద. నేనైతే వద్దంటాను.

ఫ్యాను విషయంలో రాజీ లేదు. ఫ్యాను స్లాబులోని కొక్కానికే వేలాడాలి. బోర్డుకు రంధ్రం కోసి, పొడుగాటి రాడ్డు వేసుకోండి. రెక్కలకూ కొత్త సీలింగుకూ మధ్య అడుగు ఖాళీ ఉండాలి, లేకపోతే గాలి రాదు. పొడుగరి చేయి పైకెత్తినా రెక్క అందకూడదు. ఈ రెండూ కుదరని గదిలో బోర్డు వేయకపోవడమే మంచిది. వైర్లన్నీ పైపుల్లోనే పోవాలి. జాయింట్ బాక్స్ ఉన్న చోట రెండడుగుల చదరపు తలుపు వదలాలి. ఫ్రేమ్ పూర్తవగానే కొలత టేపు కనపడేలా ప్రతి గోడ వైపు నుంచీ ఫొటో తీసి పెట్టుకోండి. రేపు లైటు ఒకటి అదనంగా కావాలంటే ఎక్కడ కోయొచ్చో అవే చెబుతాయి.

బోర్డు ఎక్కించడం

10 అడుగులకు 12 గదిలో బోర్డు పొడవును 12 అడుగుల దిశలో పెట్టండి, సెక్షన్లు 10 అడుగుల దిశలో పోతాయి. మొదటి వరస రెండు నిండు బోర్డులు. రెండో వరస సగం బోర్డు, నిండు బోర్డు, మళ్లీ సగం. మూడో వరసకు ఒక బోర్డును పొడుగునా రెండుగా కోస్తే రెండడుగుల వెడల్పు ముక్కలు రెండూ సరిపోతాయి. మొత్తం ఐదు. ఇంకోటి అదనంగా కొనండి, ఒక మూల విరగకుండా మెట్లెక్కి వచ్చే బోర్డులు తక్కువ. వరసల అతుకులు ఒకే చోట కలవకుండా ఇలా జరపడం వల్ల పగులు ఒక గోడ నుంచి ఇంకో గోడ దాకా సాగదు. వంటగది, బాత్రూము అయితే ఆకుపచ్చ రంగు తేమ నిరోధక బోర్డు తీసుకోండి. తేమ అంటే ఆవిరి అని అర్థం, కారే నీటికి అది కూడా నిలవదు.

కోత సులువు. కట్టర్‌తో ముఖం వైపు కాగితం మీద గీత పెట్టి, వెనక్కి వంచితే జిప్సం టక్కున విరుగుతుంది, వెనక కాగితం కోస్తే ముక్క విడిపోతుంది. ముఖం కిందికి ఉండాలి, అచ్చు అక్షరాలున్న వైపు పైకి. ఇద్దరు ఎత్తితే మూడో వ్యక్తి టీ ఆకారపు కర్రతో ఆనించి పట్టుకోవాలి. స్క్రూలు బోర్డు మధ్య నుంచి మొదలుపెట్టి అంచులకు రావాలి. రెండంచులూ ముందు బిగిస్తే మధ్యలో బుడగలా మిగిలిపోతుంది. 25 మిల్లీమీటర్ల డ్రైవాల్ స్క్రూలు 9 అంగుళాలకు ఒకటి, కాగితం ఉన్న అంచుకు 10 మిల్లీమీటర్లు, కోసిన అంచుకు 15 మిల్లీమీటర్లు లోపల. స్క్రూ తల కాగితాన్ని కొంచెం లోపలికి నొక్కి అక్కడ ఆగాలి. కాగితం చిరిగితే ఆ స్క్రూ ఇక పట్టదు, ఎందుకంటే బోర్డును పట్టి ఉంచేది కాగితమే, లోపలి జిప్సం కాదు. పక్కన ఇంకోటి వేయండి. గోడ చుట్టూ 3 మిల్లీమీటర్లు ఖాళీ వదలండి.

పాత ఇంట్లో చెక్క పలకల సీలింగు గట్టిగా, మట్టంగా ఉంటే ఫ్రేమ్ లేకుండా నేరుగా దాని మీదే బోర్డు ఎక్కించే వీలుంది. మేకుల తలల వరసను బట్టి వెనక వాసాలు ఎక్కడున్నాయో పట్టుకుని, రెండు గోడల మీదా గుర్తులు పెట్టుకోవాలి. బోర్డు, పలక రెండూ దాటి వాసంలోకి అంగుళం దిగేంత పొడుగు స్క్రూ కావాలి. పలకకు మాత్రమే పట్టిన స్క్రూ లెక్కలోకి రాదు.

అతుకులు

ఇక్కడే ఎక్కువ మంది పని పాడు చేస్తారు. అతుకులకు పీఓపీయో, గోడ పుట్టీయో నింపి చేతులు దులుపుకుంటారు. రెండూ గట్టిపడ్డాక కొంచెం కదలికను కూడా ఓర్చుకోవు, మొదటి వేసవికే వెంట్రుక పగులు వస్తుంది. జాయింటింగ్ కాంపౌండే కావాలి, దానితో కాగితపు టేపు. ముందు పల్చగా కాంపౌండ్ పూసి, టేపు తడి మీదే అద్ది, పుట్టీ పూసే బ్లేడును వాల్చి ఒక చివర నుంచి ఇంకో చివరకు లాగాలి. టేపు కింద బుడగ ఉంటే వేలితో తట్టగానే తెలుస్తుంది, వెంటనే తీసి మళ్లీ వేయాలి. ఆరాక దానికంటే వెడల్పుగా రెండో పూత, అదీ ఆరాక ఇంకా వెడల్పుగా మూడోది. మామూలు రోజుల్లో పూతకూ పూతకూ మధ్య ఒక రాత్రి చాలు, నవంబరులో అయితే ఇంకో రోజు ఆగండి. ఆరిన తర్వాత సన్న ఎమెరీ కాగితంతో రుద్ది, ప్రైమర్, పెయింటు.

పని అయిన ఏడాది మొదటి ఈశాన్య వానకు, జాయింట్ బాక్స్ దగ్గర వదిలిన తలుపు తెరిచి టార్చి వేసి లోపలంతా చూడండి. ఎక్కడైనా బోర్డు కిందికి ఉబ్బి నీరు నిలిచినట్టుంటే ముందు మెయిన్ ఆపండి, కింద బకెట్టు పెట్టండి, పక్కకు నిలబడి ఉబ్బు మధ్యలో స్క్రూడ్రైవర్‌తో చిన్న రంధ్రం చేసి నీరు దించేయండి. లేదంటే ఆ బరువుకు బోర్డు మొత్తం ఒక్కసారిగా పడుతుంది. అలా తడిసి వంగిన బోర్డు ఆరాక బాగానే కనిపించినా దానిమీద పెయింటు వేయించొద్దు. పైన లీకు మాన్పించి, ఆ ఒక్క బోర్డు తీసేసి కొత్తది వేయించండి.